అట్టపెట్టె చెప్పని సంగతి

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు నేను కరాటే హాల్లో నేలమీద బోర్లా పడుకుని ఉన్నాను. ఒక కన్ను మూసుకుని, నాన్న టేపు చివరను అట్టపెట్టె మూలకు ఆనించి అంకె చదువుతున్నాను.

"మూడడుగుల రెండంగుళాలు," అన్నాను.

చుట్టూ ఉన్న పిల్లలంతా ఓహో అన్నారు. ఆ కిక్ కొట్టిన అన్నయ్య జుట్టు వెనక్కి తోసుకుని, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు నిలబడ్డాడు. గిర్రున తిరిగి కొట్టడం అతనికి ఇష్టం. అందుకే అందరం అతన్ని సుడిగాలి అనేవాళ్లం.

మా హాలు అసలు హాలే కాదు. ఒక పాత గోడౌన్. రేకుల పైకప్పుకు అక్కడక్కడా చిల్లులుండేవి. మధ్యాహ్నం పూట వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేలమీద పడేది. ఆ చుక్కలు తొక్కకుండా నడవడం మాకో ఆట. గుమ్మం బయట చెప్పుల వరస, లోపల రబ్బరు మ్యాట్ వాసన. కళ్లు మూసుకుంటే నాకిప్పటికీ ఆ వాసన తెలుస్తుంది.

మధ్యలో గొలుసుకు వేలాడే బ్యాగ్ ఒకటి ఉండేది. అది మా నాన్న కుట్టిందే. నాన్నది బస్సులకూ లారీలకూ సీట్లు కుట్టే షాపు. మిగిలిపోయిన రెక్సిన్ ముక్కలతో కుట్టాడు కాబట్టి బ్యాగ్ సగం ఆకుపచ్చగా, సగం గోధుమరంగులో ఉండేది. లోపలంతా దూది, గుడ్డపీలికలు.

నాన్న షాపులో పెరిగాను కదా, నా జేబులో ఎప్పుడూ ఒక టేపు ఉండేది. కనిపించిందల్లా కొలిచేదాన్ని. బెంచీ పొడవు, పిల్లి తోక, మా పంతులమ్మ బల్ల. కొలిచి పుస్తకంలో రాసుకుంటే తప్ప నాకు నమ్మకం కుదిరేది కాదు. అందుకే హాల్లో నా పేరు టేపు అయింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

మా మాస్టారు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. డ్యూటీ అయ్యాక నాలుగింటికి వచ్చేవారు. ఎంత తోముకున్నా ఆయన గోళ్ల చివర గ్రీజు నల్లగా ఉండేది. మేం మాత్రం మూడింటికే చేరిపోయేవాళ్లం. ఆ గంటసేపూ మా మధ్య ఎప్పుడూ ఒకటే గొడవ. ఏ కిక్ గొప్పది?

ఒకరు సైడ్ కిక్ అంటారు. ఒకరు రౌండ్ కిక్ అంటారు. సుడిగాలి స్పిన్ కిక్ తప్ప మిగతావన్నీ దండగ అంటాడు. ఈ గొడవ ఎప్పటికీ తెగేలా లేదని నేనే ఒక ఉపాయం చెప్పాను. బ్యాగ్ వెనకాల ఖాళీ అట్టపెట్టె నిలబెడదాం. కిక్ కొడితే బ్యాగ్ ఊగి పెట్టెను తోస్తుంది. పెట్టె ఎంత దూరం జరిగితే ఆ కిక్ అంత గొప్పది. అందరికీ ఇది నచ్చింది.

ఒక్కొక్కరూ వచ్చి కొట్టారు. సైడ్ కిక్ రెండడుగుల పది. రౌండ్ కిక్ రెండడుగులు. చివర్లో బటాణీ వంతు వచ్చింది.

బటాణీకి పదేళ్లు. అందరికంటే పొట్టిది, గుండ్రటి మొహం. దానికి ఒకే ఒక్క కిక్ వచ్చు, ఫ్రంట్ కిక్. మోకాలు పైకెత్తడం, పాదం ముందుకు తన్నడం, వెనక్కి లాక్కోవడం. అంతే. రోజుకు వంద కొట్టమని మాస్టారు చెప్పారని, ఎనిమిది నెలలుగా రోజూ వంద కొట్టేది. బ్యాగుకు ఒకే వైపు నిలబడి, తనలో తను లెక్క పెట్టుకుంటూ. తొంభై తొమ్మిది దగ్గర ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది. అదొక రకం మొండిఘటం.

బటాణీ కొట్టింది. ధప్ మని చిన్న చప్పుడైంది. బ్యాగ్ ఉన్నచోటే ఒకసారి వణికి ఆగిపోయింది. పెట్టె కొంచెం జరిగింది.

"తొమ్మిదంగుళాలు," అన్నాను.

పెట్టెను పలకరించి వచ్చినట్టుంది అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకోసారి కొట్టనా అని అడిగి అది మళ్లీ కొట్టింది. మళ్లీ ధప్. ఈసారి ఎనిమిదే. ఆ చప్పుడు మిగతా వాళ్ల కిక్కుల చప్పుడులా లేదని నాకు అనిపించింది. కానీ నా పుస్తకంలో చప్పుడు రాసుకునే గడి లేదు.

ఇంటికెళ్లి పెద్ద కాగితంమీద ఎర్ర పెన్నుతో గీతలు గీసి, నీలం పెన్నుతో పట్టిక రాశాను. ఒకటో స్థానం స్పిన్ కిక్. రెండు, సైడ్ కిక్. మూడు, రౌండ్ కిక్. ఆఖరిది ఫ్రంట్ కిక్. సోమవారం దాన్ని హాలు గోడకు అంటించాను.

ఆ సాయంత్రం గొలుసుకు కొత్త కొక్కెం బిగించడానికి నాన్న హాలుకు వచ్చాడు. నాన్నకు చదవడం రాదు. మా ఇంట్లో నోటుపుస్తకం పట్టుకున్న మొదటి మనిషిని నేనే. ఆయన పట్టిక ముందు చాలాసేపు నిలబడ్డాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని, కాగితం అంచు మెల్లగా తాకాడు.

"ఇదంతా నువ్వే రాశావా అమ్మడూ?"

అవునన్నాను. ఆయన చుట్టూ ఉన్న పిల్లలందరి వంకా ఒకసారి చూశాడు, చూశారా అన్నట్టు. నా ఛాతీ ఇంత వెడల్పయింది.

మాస్టారు కూడా పట్టిక చదివారు. చేతిరాత బాగుందన్నారు. తర్వాత గడ్డం గోక్కుంటూ, "పెట్టె ఏమందో రాశావు. మరి బ్యాగ్ ఏమంది?" అన్నారు.

జోక్ వేశారనుకుని నవ్వాను. ఆయనా నవ్వేసి, వార్మప్ మొదలుపెట్టమన్నారు. మర్నాటినుంచి పెద్దాసుపత్రి లిఫ్టు పనిమీద పది రోజులు రాలేకపోయారు. క్లాసు సుడిగాలి చూసుకున్నాడు.

అప్పుడే బటాణీ నా దగ్గరికి వచ్చింది.

నెలాఖరున పక్క క్లబ్ పిల్లలతో మాకు మ్యాచ్ ఉంది. మిగతావాళ్లకు అది సరదా. బటాణీకి కాదు. వాళ్లమ్మకు ఇస్త్రీ షాపు ఉంది. సాయంత్రాలే పని ఎక్కువ. ఈ మ్యాచ్ దాకా వెళ్లు, ఒక్క ఆటైనా గెలిస్తే మానొద్దు, లేకపోతే షాపులో నాకు సాయంగా ఉండు అని ఆవిడ చెప్పింది. బటాణీ సరేనంది. ఈ సంగతి మా అందరికీ తెలుసు.

"టేపక్కా, నాది ఆఖర్లో ఉంది కదా. మొదటిది నేర్పుతావా?" అంది పట్టిక చూపిస్తూ.

నాకు స్పిన్ కిక్ అంతంత మాత్రమే వచ్చు. అయినా నేర్పుతానన్నాను. ఆ క్షణాన నేను మాస్టారంత ఎత్తు పెరిగినట్టు అనిపించింది. ఫ్రంట్ కిక్ మానెయ్యాలా అని అది అడిగింది. పుస్తకంలో ఉందిగా, తొమ్మిదంగుళాల కిక్ ఏం చేసుకుంటావని అన్నాను.

ఎనిమిది నెలల్లో మొదటిసారి బటాణీ వంద లెక్కపెట్టడం ఆపేసింది. పది రోజులూ గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి తల తిరిగి కూర్చునేది. కాసేపాగి లేచి మళ్లీ తిరిగేది. పెట్టె రెండడుగులు జరిగిన రోజున ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

మ్యాచ్ ఒక బడి షెడ్డులో జరిగింది. అందరికీ పొట్టమీద ప్యాడ్లు కట్టారు. గట్టిగా కొట్టకూడదు. ప్యాడ్‌ను సరిగ్గా తాకితే ఒక పాయింటు. ముందు మూడు పాయింట్లు ఎవరికొస్తే వాళ్లు గెలిచినట్టు. ఓడితే ఇంక ఆట లేదు. మాస్టారు ఆసుపత్రినుంచి నేరుగా వచ్చి, టూల్ బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని బెంచీమీద కూర్చున్నారు.

బటాణీకి ఎదురుగా రెండు జడల అమ్మాయి నిలబడింది. పొడుగ్గా ఉంది. విజిల్ వేయగానే ఆ అమ్మాయి చేతులు పైకెత్తి, నేరుగా బటాణీమీదికి నడిచి వచ్చింది. పొట్టమీద ప్యాడ్ మొత్తం ఖాళీగా ఉంది.

బటాణీ మోకాలు దానంతటదే పైకి లేచింది. ఎనిమిది నెలలుగా రోజూ లేచినట్టే లేచింది.

అప్పుడు అది నా వైపు చూసింది. చూసి, మోకాలు కిందికి దించేసింది.

తర్వాత తిరిగింది. అది తిరిగి వచ్చేసరికి రెండు జడల అమ్మాయి అక్కడ లేదు. పక్కకు జరిగి బటాణీ నడుము దగ్గర ప్యాడ్‌ను తాకింది. రెండోసారీ అంతే. మూడోసారి బటాణీ తిరిగి, కాలు మెలికపడి చతికిలబడింది. షెడ్డంతా నవ్వింది. మూడు, సున్నా.

బటాణీ ఏడవలేదు. బెల్టు విప్పి నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. మాస్టారికి ఇచ్చెయ్యమంది.

"నేనే సరిగ్గా తిరగలేదక్కా. నువ్వు బాగానే నేర్పావు."

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. అవును, ప్రాక్టీసు చాల్లేదు అన్నాను.

మర్నాడు ఆదివారం. పది రోజులుగా ఎవరుపడితే వాళ్లు తిరిగి తిరిగి కొట్టినందుకు బ్యాగ్ కుట్లు విడిపోయాయి. సుడిగాలి, నేను దాన్ని తోపుడుబండిమీద వేసుకుని నాన్న షాపుకు తీసుకెళ్లాం. దించేసి అతను వెళ్లిపోయాడు. నాన్న దాన్ని పెద్దబల్లమీద పడుకోబెట్టి, కళ్లజోడు పెట్టుకుని, అరచేత్తో పైనుంచి కిందికి మెల్లగా నిమిరాడు.

నాన్న ఏ సీటునైనా అలాగే చూసేవాడు. పాత సీటు మీద చెయ్యి వేసి, ఈ డ్రైవరు ఎడమవైపు ఒరిగి కూర్చుంటాడు, ఇతను జేబులో తాళాలు పెట్టుకుంటాడు అని చెప్పేవాడు. ఒక్కసారి కూడా ఆయన మాట తప్పు కాలేదు.

"ఇవన్నీ తిరిగి కొట్టినవి," అన్నాడు బ్యాగ్ పైభాగం చూపించి. అక్కడంతా చీపురుతో ఊడ్చినట్టు అడ్డదిడ్డంగా గీతలున్నాయి. "ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. కుట్లమీద పడ్డాయి కాబట్టి ఊడిపోయింది."

చెయ్యి ఇంకొంచెం కిందికి వెళ్లి ఆగిపోయింది. నాన్న కళ్లజోడు సరిచేసుకున్నాడు. బొటనవేలితో ఒకచోట నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"ఇదెవరిది?"

నేను వంగి చూశాను. బిస్కెట్టంత చోటులో రెక్సిన్ రంగంతా పోయి, ఉల్లిపొరలా పలచబడి ఉంది. నొక్కితే లోపలి దూది రాయిలా తగిలింది.

"దూది ఇలా గడ్డకట్టాలంటే ఒకే చోట వేలసార్లు తగలాలి," అన్నాడు నాన్న. "అటూ ఇటూ కాదు, లోపలికి. మీ హాల్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారా? గట్టి మనిషే కొట్టుంటాడు."

నేను టేపు తీశాను. బ్యాగ్ అడుగునుంచి ఆ మచ్చ దాకా ఒక అడుగు పదంగుళాలు. బ్యాగుకు నేలకూ మధ్య ఒక అడుగు. మొత్తం రెండడుగుల పదంగుళాలు. బటాణీ బెల్టు ముడి సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. హాల్లో అందరినీ ఎప్పుడో కొలిచేశాను కదా.

టేపు నా చేతిలోంచి జారి, చరచరా చుట్టుకుపోయింది.

ఎవరిదని నాన్న మళ్లీ అడిగాడు. చెప్పాను. ఆ బుడ్డదా అని ఆయన ఆశ్చర్యపోయాడు. తర్వాత నా మొహం చూసి కత్తెర అందుకున్నాడు. అరిగిన ముక్కను గుండ్రంగా కత్తిరించి తీసేసి, అక్కడ నీలం రెక్సిన్‌తో అతుకు వేశాడు. కత్తిరించిన ముక్క చెత్తబుట్టలో పడేయబోతుంటే నేను అడిగి తీసుకున్నాను.

సోమవారం అందరికంటే ముందు మాస్టారిని కలిశాను. ముక్క చూపించి జరిగిందంతా చెప్పాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు.

ఊగిన బ్యాగ్ దెబ్బను తోసేసినట్టు, ఊగని బ్యాగ్ దెబ్బను మింగినట్టు అని చెప్పారు. మరి స్పిన్ కిక్ గొప్పది కాదా అని అడిగాను.

"గొప్పదే. చాలా బలం ఉంది దాంట్లో. కాకపోతే మనం తిరిగొచ్చేదాకా అవతలివాడు అక్కడే నిలబడాలిగా," అన్నారు. దూరంగా ఉన్నవాడికి సైడ్ కిక్, పక్కకు జరిగేవాడికి రౌండ్ కిక్, మీదికొచ్చేవాడికి ఫ్రంట్ కిక్ అన్నారు. ఏది గొప్పదని అడిగే ముందు ఎవరికి, ఎప్పుడు అని అడగాలన్నారు. పట్టిక చూసిన రోజే కూర్చోబెట్టి ఈ మాట చెప్పాల్సింది, నవ్వేసి ఊరుకోవడం తన పొరపాటేనని కూడా అన్నారు. పెద్దవాళ్లు అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు.

బటాణీ బెల్టు ఆయనకివ్వబోయాను. ఆయన తీసుకోలేదు.

"ఇది నాకివ్వాల్సింది కాదు. నువ్వు చెప్పిన మాటలు కూడా నాకు చెప్పాల్సినవి కావు," అన్నారు.

ఇస్త్రీ షాపు మూడు వీధుల అవతల. ఆ రోజు ఆ మూడు వీధులూ ముప్పై వీధులంత దూరం అనిపించాయి. బటాణీ స్టూలెక్కి చొక్కాలు మడత పెడుతోంది. వాళ్లమ్మ దుప్పటిమీద నీళ్లు చిలకరిస్తోంది. షాపంతా వేడి గుడ్డ వాసన.

నేను రెక్సిన్ ముక్కను బల్లమీద పెట్టాను. పట్టిక తప్పని చెప్పాను. పెట్టెను కొలిచానని, బ్యాగ్‌ను చూడలేదని చెప్పాను. ఆట రోజు మోకాలు దించడం నేను చూశాననీ, ఎందుకు దించిందో నాకు తెలుసనీ, అయినా ప్రాక్టీసు చాల్లేదని అబద్ధం చెప్పాననీ చెప్పాను. అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

బటాణీ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"మరి రాసిపెట్టావుగా అక్కా," అంది.

"తప్పు రాశాను."

రాసింది కూడా తప్పవుతుందని దానికి అప్పటిదాకా తెలియదు. నిజానికి నాకూ తెలియదు.

వాళ్లమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. ఆవిడకు గుడ్డ అరుగుదల సంగతి తెలుసు. బొటనవేలితో రుద్ది చూసి, ఇంట్లో దీని చెప్పులు కూడా ఇంత అరగలేదే అంది. మొహంలో నవ్వు కనబడింది గానీ వెంటనే దాచేసుకుంది. గెలిస్తేనే అని మాటనుకున్నాం కదా, ఓడింది కదా అంది.

"ఓడింది నా పట్టిక పిన్నీ. బటాణీ తన కిక్ ఇంకా కొట్టనే లేదు," అన్నాను.

ఆవిడ ముక్కను బల్లమీద పెట్టి, బుట్ట నిండా ఉన్న బట్టలు చూపించింది. పని ఎవరు చేస్తారంది. బడి అయ్యాక నాలుగింటిదాకా నేను వచ్చి మడతలు పెడతాను, ఇద్దరం కలిస్తే తొందరగా అయిపోతుందని చెప్పాను. ఆవిడ ఒక చొక్కా నా ముందు పడేసి, పెట్టు చూద్దాం అంది. పెట్టాను. విప్పేసి మళ్లీ పెట్టమంది. నాలుగోసారికి ఊఁ అంది. వారానికి మూడు రోజులు, అదీ బుట్ట ఖాళీ అయితేనే అని చెప్పి దుప్పటి వైపు తిరిగింది.

బటాణీ స్టూలుమీదినుంచి దూకి బెల్టు నా చేతిలోంచి లాక్కుంది.

ఆ బుధవారం మేం హాలుకు చేరేసరికి నాలుగు దాటింది. ఎండ చుక్కలు గోడమీదికి పాకాయి. ముందు నేను వెళ్లి పట్టిక ఊడదీసి మడిచాను. అట్టపెట్టెను గుమ్మం బయట పెట్టాను. నాన్నకు దారపుండలు వేసుకోవడానికి పనికొస్తుంది. ఎందుకు తీసేస్తున్నావని సుడిగాలి అడిగాడు. అందరూ వినేలా అతనికి కూడా మొత్తం చెప్పాను. ఇస్త్రీ షాపులో చెప్పినప్పటికంటే ఈసారి కాస్త సులువుగా వచ్చింది.

తర్వాత బ్యాగ్ వెనక్కి వెళ్లి, రెండు చేతులా దాన్ని కావలించుకుని, చెంప ఆనించి నిలబడ్డాను. ఇదివరకు ఎప్పుడూ నేనక్కడ నిలబడలేదు. ఎప్పుడూ పక్కన నేలమీద టేపుతో ఉండేదాన్ని.

"కొట్టనా?" అంది బటాణీ అవతలినుంచి. అది నాకు కనబడటం లేదు. నీలం అతుకు వైపు నిలబడి ఉంటుంది.

కొట్టమన్నాను.

ధప్.

బ్యాగ్ కదల్లేదు. నేను కదిలాను. దెబ్బ బ్యాగ్ లోంచి నేరుగా వచ్చి నా పక్కటెముకల్లో గంట కొట్టినట్టు మోగింది. రెండడుగులు వెనక్కి తూలి, చివరికి నిలదొక్కుకున్నాను.

బటాణీ బ్యాగ్ పక్కనుంచి తల బయటపెట్టింది. మొహంలో భయం.

"ఎంతొచ్చిందక్కా?"

నా చెయ్యి అలవాటుగా జేబుదాకా వెళ్లింది. టేపు అక్కడే ఉంది. నేను దాన్ని తీయలేదు. మళ్లీ బ్యాగ్ దగ్గరికి వచ్చి, ఇంతకుముందుకంటే గట్టిగా కావలించుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాను.

"నువ్వు లెక్క మొదలుపెట్టు. వందయ్యేదాకా నేను ఇక్కడే ఉంటా," అన్నాను.

అవతల మ్యాట్ మీద పాదాలు సర్దుకున్న చప్పుడైంది. తర్వాత చిన్నగా, తనలో తను చెప్పుకున్నట్టు వినిపించింది.

"ఒకటి."